డిపో మూసిన మూడోనాడు



2015 సెప్టెంబరు. మెట్‌పల్లి దగ్గర మా ఊళ్లో కల్లు డిపో మూతపడి మూడు రోజులైంది. మా మేనత్త బీడీల చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది గాని చేతులు ఆడటం లేదు. నలభై ఏండ్లుగా బీడీలు చుట్టిన చేతులవి. తునికాకును కత్తెరతో కొలత తప్పకుండా కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టే చేతులు. ఆ రోజు దారం కొస కూడా పట్టలేకపోయాయి. సాయంత్రానికి ఒళ్లంతా చెమటలు పట్టాయి. రాత్రి నన్ను పిలిచి, "బిడ్డా, గోడ మీద చీమలు పారుతున్నయ్, జర దులుపు" అన్నది. గోడకు అప్పుడే సున్నం వేశారు. దాని మీద ఏమీ లేదు.

నాలుగోనాడు పొద్దున ఆమెకు ఫిట్స్ వచ్చాయి.

వాకిట్లో చేరినవాళ్లు గాలి సోకిందన్నారు. ఒకరు నిమ్మకాయలు తెచ్చారు. మొదట తీసుకెళ్లిన దవాఖానలో నీరసమని చెప్పి గ్లూకోజు సీసా ఎక్కించి పంపించారు. సాయంత్రం మళ్లీ ఫిట్స్ వచ్చాయి. రెండో దవాఖానలో ఒక పడుచు డాక్టరమ్మ ఆమె చేతిని తన చేతిలోకి తీసుకుని ఒకే ప్రశ్న అడిగింది: "అమ్మా, కల్లు ఎన్నేళ్ల సంది తాగుతున్నవ్? చివరి సీస ఎప్పుడు తాగినవ్?" ఆ ప్రశ్నతోనే మా అత్త బతికింది.

నేను వైద్య విద్యార్థులకు మందుల శాస్త్రం చెప్పినవాణ్ణి. మనసును నెమ్మదింపజేసే మందులు మెదడులో ఎక్కడ పనిచేస్తాయో, హఠాత్తుగా ఆపితే ఏమవుతుందో ఎన్నో ఏళ్లు పాఠంగా చెప్పాను. అదే పాఠం మా ఇంట్లో, మా అత్త మంచం మీద కనబడితే నేను పోల్చుకోలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది. ఈ ప్రసంగం అందుకే.

ఆ సెప్టెంబరులో కల్తీ కల్లు మీద ప్రభుత్వం దాడులు చేసింది. డిపోలకు మందు సరఫరా ఆగింది. నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ జిల్లాల ఆస్పత్రులకు జనం వరసకట్టారు. చేతులు వణికేవాళ్లు, తమలో తాము మాట్లాడుకునేవాళ్లు, బట్టలు చించుకునేవాళ్లు, మూర్ఛతో పడిపోయేవాళ్లు వచ్చారు. కొందరు చనిపోయారు. 2020లో లాక్‌డౌన్ పెట్టిన వారం రోజుల్లోనే హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ముందు మళ్లీ అదే దృశ్యం. 2025 జూలైలో దీనికి రెండో ముఖం కనిపించింది. కూకట్‌పల్లి పరిసరాల్లో కల్తీ కల్లు తాగి పలువురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. దొరక్కపోతే ఒక ప్రమాదం, దొరికితే ఇంకో ప్రమాదం.

ఒక మాట ముందే చెప్పాలి. నేను కల్లును తిట్టడానికి రాలేదు. మోకు, ముస్తాదు కట్టుకుని ప్రాణాలకు తెగించి తాడెక్కే గీత కార్మికుడి చెమట నాకు తెలుసు. ఎల్లమ్మకు, పోచమ్మకు సాక పోసే కల్లు మన ఇండ్లలో ఎంత పాతదో తెలుసు. చెట్టు నుంచి దింపిన కల్లులో పులిసేకొద్దీ నాలుగైదు శాతం దాకా ఆల్కహాల్ చేరుతుంది. అతిగా తాగితే దానితోనూ చేటే. కానీ మూడు రోజులు తాగకపోతే గోడ మీద చీమలు కనబడటం మామూలుగా చెట్టుకల్లు చేసే పని కాదు. తాళ్లు, ఈదులు తగ్గిపోతున్నాయి, తాగేవాళ్లు తగ్గలేదు. ఊరి చెట్లు ఇచ్చే కల్లుకూ ఊరు తాగే కల్లుకూ మధ్య ఉన్న తేడాను నీళ్లతో, శాకరిన్‌తో, తెల్లపొడితో నింపుతున్నారు. అట్లా తయారైన సీసలో ఉన్నది కల్లు కాదు, మోతాదు రాయని మందు.

ఆ తెల్లపొడులు మూడు. క్లోరల్ హైడ్రేట్‌ను 1832లో జర్మనీలో లీబిగ్ తయారుచేశాడు. 1869లో లీబ్రైష్ అనే వైద్యుడు దాన్ని నిద్రమందుగా వాడుకలోకి తెచ్చాడు. రెండోది డయజెపామ్. స్టెర్న్‌బాక్ అనే రసాయన శాస్త్రవేత్త కనుగొన్న మందుల కుటుంబంలోది, 1963లో బజారుకొచ్చింది. మన ఊళ్లలో డైజోఫాం అనేది దీన్నే. మూడోది అల్ప్రాజోలం. 1981లో అమెరికాలో ఆందోళనకు మందుగా వచ్చింది. ఈ మూడూ దవాఖాన మందులుగా వచ్చినవే. డాక్టరు చేతిలో, తూచిన మోతాదులో, కొద్ది రోజులకైతే అల్ప్రాజోలం మంచి మందు. దాన్ని దయ్యమని చెప్పను.

మరి డిపోలకు అల్ప్రాజోలమే ఎందుకు నచ్చింది? తూకం చూడండి. క్లోరల్ హైడ్రేట్‌తో నిద్ర పట్టాలంటే మనిషికి అర గ్రాము నుంచి గ్రాము దాకా కావాలి. అల్ప్రాజోలం మాత్రలో ఉండేది పావు మిల్లీగ్రాము, అర మిల్లీగ్రాము. అర మిల్లీగ్రాము అల్ప్రాజోలం దాదాపు పది మిల్లీగ్రాముల డయజెపామ్‌కు సమానమని వైద్యులు లెక్కగడతారు. కిలో పొడిలో అర మిల్లీగ్రాము మాత్రలు 20 లక్షలున్నాయి. అంగీ జేబులో పట్టే పొట్లం ఒక మండలాన్ని మత్తులో ఉంచగలదు. మాదకద్రవ్యాల చట్టం 100 గ్రాముల అల్ప్రాజోలాన్నే వాణిజ్య పరిమాణంగా లెక్కవేసింది ఇందుకే. ఇంకో సంగతి, డ్రమ్ములో కర్రతో కలిపే చోట మిల్లీగ్రాముల లెక్క నిలవదు. ఒక సీసలో మాత్రలో సగం పడవచ్చు, పక్క సీసలో పది మాత్రలంత పడవచ్చు. తాగేవాడికి తెలియదు. పోసేవాడికీ తెలియదు.

మెదడులో ఇది చేసే పని చెబుతాను. పోచంపాడు కాలువ కింద సేద్యం చేసేవాళ్లకు సులువుగా అర్థమవుతుంది. మెదడులో ప్రతి కణానికీ చిన్న చిన్న తూములుంటాయి. గాబా అనే సహజ రసాయనం వచ్చి తూము తెరిస్తే క్లోరైడ్ లోపలికి పారుతుంది, కణం ఉద్రేకం తగ్గి నెమ్మదిస్తుంది. మన భయం, మన కంగారు అదుపులో ఉండటానికి ఈ తూములే ఆధారం. అల్ప్రాజోలం, డయజెపామ్ సొంతంగా తూము తెరవవు. గాబా వచ్చినప్పుడు అది మరిన్నిసార్లు తెరుచుకునేటట్టు చేస్తాయి. మెదడులో వీటికి ప్రత్యేకమైన చోటొకటి ఉందని 1977లో డెన్మార్క్‌లో, స్విట్జర్లాండ్‌లో పరిశోధకులు వేర్వేరుగా కనుక్కున్నారు. క్లోరల్ హైడ్రేట్ ఒంట్లో ఇంకో పదార్థంగా మారి ఆ తూముల మీదనే పనిచేస్తుంది. ఆల్కహాలూ అంతే. అన్నీ ఒకే సీసలో కలిస్తే తూములన్నీ బార్లా తెరుచుకుంటాయి. ఊపిరి తీసుకొమ్మని చెప్పే కణాలు కూడా నిద్రపోతాయి. మనిషి నిద్రలోనే పోతాడు.

మరి జనం ఎందుకు తాగుతారు? పొద్దంతా వంగి బీడీలు చుట్టిన ఆడమనిషికి నడుము నొప్పి. సిరిసిల్లలో రాత్రి షిఫ్టు మరమగ్గం చప్పుడు చెవుల్లోంచి పోదు. గోదావరిఖనిలో, మందమర్రిలో బొగ్గు బాయి దిగి వచ్చినవాడికి ఒళ్లు పచ్చిపుండు. కొడుకు దుబాయిలో, అప్పు ఊళ్లో. ఇంత బరువు మోసేవాళ్లకు పది రూపాయలకో ఇరవైకో కంటినిండా నిద్ర దొరికితే వద్దనేది ఎట్లా? మా అత్త వాళ్లలో ఒకతె. ఆమె మత్తు కోసం తాగలేదు. నిద్ర కోసం తాగింది.

తీసుకున్న నిద్రకు జ్ఞాపకంతో వెల చెల్లించింది. ఈ మందులు పాత జ్ఞాపకాలను పెద్దగా చెరపవు, కొత్తవి అచ్చుపడనియ్యవు. ఆపరేషన్‌కు ముందు రోగికి మిడజోలం ఇచ్చేటప్పుడు వైద్యులు కోరుకునేది కూడా ఇదే, ఆ భయం రోగికి గుర్తుండకూడదని. మా అత్త కొడుకు దుబాయి నుంచి రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసేవాడు. అప్పటికి ఆమె సీస తాగి ఉండేది. చక్కగా మాట్లాడేది, నవ్వేది, పైసలెప్పుడు పంపుతాడో అడిగేది. తెల్లారితే ఒక్క ముక్క గుర్తుండేది కాదు. "నా కొడుకు నెల సంది ఫోన్ చేస్తలేడు" అని కోడలి మీద ఏడ్చేది. ఆమె అబద్ధమాడుతోందని కోడలు, కోడలు దాస్తోందని అత్త. ఏండ్లపాటు ఆ ఇంట్లో ఈ గొడవ నడిచింది. మందు చేసిన పనికి మనుషులు ఒకరినొకరు దోషులనుకున్నారు.

ఎక్కువ కాలం వాడితే మతిమరుపు వ్యాధి వస్తుందా అని చాలామంది అడుగుతారు. ఫ్రాన్స్‌లోని బోర్డో పరిశోధకులు 2012లో, ముసలితనంలో ఈ జాతి మందులు కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో ఆ వ్యాధి ఎక్కువగా కనిపించిందని ప్రకటించారు. 2016లో అమెరికాలోని సియాటిల్ పరిశోధకులు మూడువేలకు పైగా పెద్దవాళ్లను ఏళ్ల తరబడి గమనించి, ఎక్కువ వాడినవాళ్లకు ఎక్కువ ముప్పు అనే పొంతన కనిపించలేదన్నారు. మతిమరుపు వ్యాధి మొదలయ్యే రోజుల్లోనే నిద్ర చెడుతుంది, కంగారు పుడుతుంది. దానికోసమే మందు మొదలుపెడతారు. కాబట్టి ఏది ముందు, ఏది వెనుక అని తేల్చడం కష్టం. వివాదం లేనిది ఇది: ఈ మందు ఒంట్లో ఉన్నంతసేపు చురుకుదనం, జ్ఞాపకం తగ్గుతాయి, పెద్దవాళ్లు ఎక్కువగా జారిపడతారు, తుంటి ఎముక విరగ్గొట్టుకుంటారు.

ఇక ఆపినప్పుడు జరిగేది. తూము రోజూ బార్లా తెరిచి ఉంటే మెదడు ఊరుకోదు. తనవైపు నుంచి తూములను మందగింపజేస్తుంది, ఉద్రేకపరిచే రసాయనాల జోరు పెంచుతుంది. అందుకే ఒక సీస చాలక రెండు కావలసి వస్తుంది. డిపో మూతపడ్డప్పుడు ఆపేవాడు లేడు, ఉద్రేకం మాత్రం పూర్తి జోరులో ఉంది. అల్ప్రాజోలం ఒంట్లోంచి త్వరగా పోయే మందు, దాదాపు పదకొండు గంటలకు సగమవుతుంది. రెండో రోజుకల్లా నిద్ర కరువవుతుంది, వణుకు మొదలవుతుంది. తర్వాత చెమటలు, గుండెదడ, లేనివి కనబడటం, ఫిట్స్. డయజెపామ్ నెమ్మదిగా పోతుంది కనుక దాని కథ వారానికి మొదలవ్వచ్చు. సీసలో ఏది కలిపారో తెలియదు కాబట్టి ఏ రోజు ప్రమాదమో ఎవరూ ముందుగా చెప్పలేరు. మా అత్త చూసిన చీమలు దయ్యాలు పంపినవి కావు. ఆనకట్ట లేని మెదడు పుట్టించినవి.

ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో హెదర్ యాష్టన్ అనే వైద్యురాలు 1982 నుంచి పన్నెండేళ్లు ఈ మందులు మానలేని రోగుల కోసమే ఒక క్లినిక్ నడిపింది. వాళ్లెవరూ కల్లు తాగినవాళ్లు కారు. డాక్టరు చీటీ మీదనే మందు మొదలుపెట్టి చిక్కుకున్న గృహిణులు, ఉద్యోగులు. ఆమె రోగుల మాట విన్నది, నమ్మింది. త్వరగా పోయే మందును నెమ్మదిగా పోయే డయజెపామ్‌లోకి మార్చి, వారానికో రెండు వారాలకో పదోవంతు చొప్పున తగ్గిస్తూ మాన్పించింది. మెట్లు దిగినట్టు దిగాలి, దూకకూడదు. మా అత్తకు ఆ డాక్టరమ్మ చేసిందీ ఇదే. వారం ఆస్పత్రిలో ఉంచి ఫిట్స్ రాకుండా చూసింది. ఆ తర్వాత కొన్ని వారాలపాటు మాత్ర మోతాదు తగ్గిస్తూ వచ్చింది. యాష్టన్ రోగులకు ఒక సౌకర్యం ఉండేది. రోజూ ఎన్ని మిల్లీగ్రాములు మింగుతున్నారో వాళ్లకు తెలుసు. మనవాళ్లకు అదీ లేదు. అందుకే కల్లు మాన్పించే డాక్టరు దగ్గరుండి చూసుకుంటూ మోతాదు కట్టాలి. ఇంట్లో తలుపు గడియ పెట్టి మాన్పించడం మాత్రం ప్రాణాపాయం.

ఆ డాక్టరమ్మ ఇంకో పని చేసింది. గ్లూకోజు పెట్టేముందే థయామిన్ ఇంజెక్షన్ వేసింది. బి1 విటమిన్ అది. రాత్రుళ్లు తాగి అన్నం మానేసేవాళ్ల ఒంట్లో అది అడుగంటి ఉంటుంది. గ్లూకోజును వాడుకోవడానికి మెదడుకు అది కావాలి. లేకపోతే చూపు చెదురుతుంది, అడుగు తడబడుతుంది, మతి చెదురుతుంది. 1881లో వెర్నికే అనే జర్మన్ వైద్యుడు గుర్తించిన జబ్బు ఇది. చవకైన ఇంజెక్షన్ సకాలంలో పడితే కోలుకుంటారు, ఆలస్యమైతే జ్ఞాపకశక్తి శాశ్వతంగా పోతుంది.

ఒక విటమిన్ లేక మతి పోవడం మన దక్కనుకు కొత్త కాదు. జొన్న రొట్టె, జొన్న గట్కతో పెరిగిన పల్లెలు మనవి. పప్పు, పాలు దొరకని కరువు ఇండ్లలో, ఏడాది పొడుగునా జొన్న ఒక్కటే తిన్న పేదవాళ్లలో పెల్లాగ్రా అనే జబ్బు ఉండేది. ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లగా పెట్లుతుంది, మెడ చుట్టూ హారంలాగా మచ్చ కడుతుంది. తర్వాత విరేచనాలు. వీటితోపాటు దిగులు, చిరాకు, నిద్రలేమి, చివరకు పిచ్చి. అమెరికాలో మొక్కజొన్న తినే పేదల్లో వేలమందిని చంపిన జబ్బు ఇదే. అది అంటువ్యాధి కాదు, తిండి లోపమని గోల్డ్‌బర్గర్ అనే వైద్యుడు నిరూపించాడు. నికోటినిక్ ఆమ్లం అనే బి3 విటమిన్ దానికి విరుగుడని 1937లో తేలింది.

మన దగ్గర చిక్కు వేరేగా ఉంది. జొన్నలో ఆ విటమిన్ మరీ తక్కువేమీ కాదు. మరి జబ్బెందుకు? హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధన సంస్థలో, ఇప్పుడు జాతీయ పోషకాహార సంస్థగా పిలుస్తున్న చోట, సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకాంతియా ఈ ప్రశ్న పట్టుకున్నారు. జొన్న మాంసకృత్తుల్లో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఎక్కువ, అది ఒంట్లో బి3 తయారీనీ వాడకాన్నీ చెడగొడుతోందని 1960లో చెప్పారు. ఆ వివరణను తర్వాత అందరూ ఒప్పుకోలేదు. దాని మీద చర్చ చాలా ఏళ్లు నడిచింది. నాకు అంతకంటే విలువైనదిగా తోచేది వేరొకటి. వాళ్లు ఆ రోగుల దిగులును మనిషి గుణంగా కాక జబ్బు లక్షణంగా చూశారు. మెదడు విద్యుత్ తరంగాలు కొలిచారు. విటమిన్ ఇచ్చాక అవి కుదుటపడటం గమనించారు. "దీనికి పిచ్చి" అని చుట్టాలు వదిలేసిన మనిషి కొద్ది రోజుల్లో తేరుకుని ఇంటివాళ్లను పేరుపెట్టి పిలిచే జబ్బు అది. ఇప్పుడు పెల్లాగ్రా అరుదు. అక్కడక్కడా కనిపిస్తే అది ఎక్కువగా తిండి మానేసి తాగేవాళ్లలోనే. జొన్న తినేవాళ్లు భయపడనక్కర్లేదు. రొట్టెలోకి పప్పు, పల్లీలు, ఇంత పెరుగు ఉంటే చాలు.

తిండి లోపం, తెలివి మాట వచ్చింది కనుక, పరీక్షల కాలంలో తల్లిదండ్రులు కొనే జ్ఞాపకశక్తి టానిక్కుల గురించీ ఒక మాట. బ్రాహ్మి మీద జరిగిన పరీక్షల్లో కొన్ని వారాలు వాడాక జ్ఞాపకంలో కొద్దిపాటి మెరుగు కనిపించింది, అంతే. ఒక్క రాత్రిలో తెలివి పెంచే మాత్ర లేదు. దానికి బదులు బళ్లో వారానికోసారి ఇచ్చే నీలిరంగు ఐరన్ మాత్రను మీ అమ్మాయి నిజంగా మింగుతోందో లేదో చూడండి. రక్తం తక్కువైన పిల్లకు చదువు మీద ధ్యాస నిలవదు. ఆ మాత్ర ఉచితం.

మళ్లీ మా అత్త దగ్గరికి వస్తాను. నాలుగు నెలలకు ఆమె నిద్ర తనంతట తాను కుదిరింది. సంక్రాంతికి కొడుకు దుబాయి నుంచి ఫోన్ చేసి చెల్లె పెండ్లి మాట చెబితే, తెల్లారి వాకిలి ఊడ్చుతూ ఆ మాట మొత్తం కోడలికి చెప్పింది. కోడలు నాకు ఫోన్ చేసి చెబుతూ ఏడ్చింది.

శ్రోతలారా, మీ ఇంట్లోనో, మీ వాడలోనో రోజూ డిపో కల్లు తాగేవాళ్లు ఉంటే వాళ్లను తిట్టకండి, తాగుబోతని పేరు పెట్టకండి. ఒక్కసారిగా మానమని ఒట్టు వేయించకండి. కల్లు దొరక్క చేతులు వణికినా, లేనివి కనబడుతున్నాయన్నా, ఫిట్స్ వచ్చినా మంత్రగాడి దగ్గరికి కాదు, అదే పూట ప్రభుత్వ దవాఖానకు తీసుకెళ్లండి. ఎన్నేళ్ల నుంచి తాగుతున్నారో, రోజుకు ఎన్ని సీసలో, చివరి సీస ఎప్పుడో డాక్టరు అడగకముందే చెప్పండి. తాగి మత్తులో ఉన్న మనిషి పిలిస్తే పలక్కపోయినా, గురక మారి ఊపిరి మందగించినా పండుకోనిద్దామని వదలకండి, 108కి ఫోన్ చేయండి. ఆదిలాబాద్ రిమ్స్ ఎప్పటినుంచో ఉంది. ఇప్పుడు కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల, రామగుండం, మంచిర్యాల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో కూడా ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. అక్కడ మానసిక వైద్య విభాగం ఎక్కడని అడగడానికి సిగ్గుపడకండి. డాక్టర్లకూ నా మనవి ఒకటే. ఫిట్స్‌తో వచ్చిన ప్రతి పెద్దమనిషినీ, ఆడవాళ్లనైనా సరే, కల్లు సంగతి మెల్లగా అడగండి.

ఎవరితో మాట్లాడాలో తెలియకపోతే టెలీ మానస్ ఉంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. నంబరు 14416. మళ్లీ చెబుతున్నాను, రాసుకోండి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.